కుళ్లు ఎరుగని క్రీస్తు: ఒక గ్రీకు ఆల్బమ్ మన ముందుంచే ప్రశ్న



ఇటీవల ఒక సంఘ పెద్ద మాకు ఫోను చేశారు. ఇంజినీరింగ్ చదువుతున్న ఆయన కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చాడు. ఆదివారం ఆరాధనలో గిటారు వాయించే పిల్లవాడే. అతని ఫోనులో ఒక పాటల ఆల్బమ్ కనబడింది. ఆ బృందం పేరు చదివేసరికి తండ్రికి చేతులు వణికాయట. "అయ్యా, ఫోను లాక్కోమంటారా? ఉపవాస ప్రార్థన పెట్టించమంటారా?" అని అడిగారు. ఆ రోజు మేము ప్రార్థన చేద్దామని మాత్రం చెప్పి ఊరుకున్నాం. అది సగం జవాబే. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న రేపు మనలో ఎవరి ఇంట్లోనైనా పుట్టవచ్చు.

ఎవరు వీరు?

ఆ బృందం పేరు రాటింగ్ క్రైస్ట్. తెలుగులో చెప్పాలంటే "కుళ్లిపోతున్న క్రీస్తు". రాయడానికి మాకే కష్టంగా ఉంది. కానీ పేరు చెప్పకుండా పిల్లలతో మాట్లాడలేం. 1987లో గ్రీసు దేశంలోని ఏథెన్సులో సాకిస్ తోలిస్, థెమిస్ తోలిస్ అనే అన్నదమ్ములు దీనిని మొదలుపెట్టారు. వారిది బ్లాక్ మెటల్ అనే సంగీతం. 1982లో వెనమ్ అనే ఇంగ్లండు బృందం తెచ్చిన ఆల్బమ్ నుండి ఈ పేరు వచ్చింది. ఉరుకులు పెట్టే డ్రమ్ములు, గరగరలాడే గిటార్లు, పాట కన్నా అరుపుకు దగ్గరగా ఉండే గొంతు దీని గుర్తులు. క్రైస్తవ్యం మీద ఎదిరింపు దీనిలో మొదటి నుండీ ఉంది. నార్వేలో ఈ సంగీతంతో ముడిపడిన కొందరు యువకులు 1990ల ఆరంభంలో చర్చిలను తగలబెట్టారు కూడా. 1992 జూన్‌లో బెర్గెన్ నగరంలోని ఫాంటాఫ్ట్ అనే ప్రాచీన చెక్క చర్చి అలా బూడిదైంది. ఆ నేరాలతో ఈ గ్రీకు బృందానికి సంబంధం లేదు. ఆ మాట కూడా చెప్పడం న్యాయం. అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ మనల్ని దూషించేవారి విషయంలో కూడా వర్తిస్తుంది కదా.

2024 మే 24న వారి 14వ స్టూడియో ఆల్బమ్ విడుదలైంది. పేరు "ప్రో క్రిస్తూ". గ్రీకులో ఆ మాటకు "క్రీస్తుకు పూర్వం" అని అర్థం. మనం పాఠ్యపుస్తకాల్లో క్రీ.పూ. అని చదువుకున్నదే. క్రైస్తవ్యం తమ దేశాలలోకి వస్తుంటే ఎదురు నిలిచిన చివరి అన్యమత రాజులకు ఇది నివాళి అని ప్రచారం చేశారు. ఒక పాట పేరు "ది అపోస్టేట్", అంటే విశ్వాసభ్రష్టుడు. చరిత్రలో ఆ పేరు మోసినవాడు రోమా చక్రవర్తి జూలియన్. మరొక పాట పేరు "ఇగ్‌డ్రసిల్". అది ఉత్తర ఐరోపా పాత కథల్లోని విశ్వవృక్షం. ఇంకొకటి "సీర్షా". ఐర్లండు భాషలో స్వేచ్ఛ అని అర్థం.

చాలామంది పిల్లలు ఆ శబ్దం కోసమే వింటారు. కానీ ఆ శబ్దం కింద ఒక వాదం ఉంది: క్రీస్తు రాకముందు ప్రజలు స్వేచ్ఛగా ఉన్నారు, ఆయన పేరు చెప్పుకొని వచ్చినవారు దానిని లాక్కున్నారు అని. ఈ వాదానికి జవాబు చెప్పగలమా? చెప్పగలం. అయితే ముందుగా ఒక ఒప్పుకోలు చేయాలి.

మొదట ఒప్పుకోలు

782వ సంవత్సరంలో ఫ్రాంకుల రాజు చార్లెమేన్ వెర్డెన్ అనే చోట తన మీద తిరుగుబాటు చేసిన సాక్సన్ల తలలు కొట్టించాడు. ఆ కాలపు రాజవృత్తాంతం వారి సంఖ్య 4,500 అని రాసింది. బాప్తిస్మం వద్దన్న సాక్సనుకు మరణశిక్ష అని ఆయన చట్టం కూడా చేశాడు. సిలువ గుర్తు వేసుకున్న రాజే ఈ పని చేశాడు. దీనిని మనం దాచకూడదు. మన దేశంలో బలవంతపు మతమార్పిడి అనే నింద పడినప్పుడల్లా "విశ్వాసం బలవంతంతో కలగదు" అని మనం జవాబిస్తున్నాం. ఆ మాట నిజమైతే వెర్డెన్ విషయంలోనూ అదే అనాలి.

ఆ మాట అన్నవాడు ఆ రాజు దగ్గరే ఒకడున్నాడు. ఆల్క్విన్ అనే దైవజనుడు, చార్లెమేన్‌కు గురువు. మనిషిని బాప్తిస్మానికి ఈడ్చుకొని రావచ్చు గాని విశ్వాసానికి ఈడ్చుకొని రాలేమని, దశమభాగాల వసూళ్లే సాక్సన్ల విశ్వాసాన్ని పాడుచేశాయని 796లో తన ఉత్తరాలలో హెచ్చరించాడు. కత్తి పట్టిన క్రైస్తవ రాజును గద్దించినది క్రైస్తవ మనస్సాక్షే.

ఏథెన్సులో ముగ్గురు విద్యార్థులు

ఇక జూలియన్ సంగతి. ఆయన కాన్‌స్టంటైన్ చక్రవర్తికి వరుసకు తమ్ముని కుమారుడు. 337లో కాన్‌స్టంటైన్ చనిపోగానే సైనికులు జూలియన్ తండ్రిని, బంధువులను చంపేశారు. అప్పుడు జూలియన్‌కు ఆరేళ్లు ఉంటాయి. ఆ హత్యల వెనుక క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టంటియస్ ఉన్నాడని ఆయన పెద్దయ్యాక నమ్మాడు. పిల్లవాణ్ణి క్రైస్తవునిగానే పెంచారు. సంఘంలో లేఖనాలు చదివే పని కూడా చేశాడు. నోటితో వాక్యం చదువుతూ ఉండగానే మనసు దూరమైపోయింది. ఇంట్లో పెద్దల చేతుల్లో రక్తం చూసిన పిల్లవాడికి వారి ప్రార్థనలు ఎలా వినబడి ఉంటాయి? ఈ ప్రశ్న తల్లిదండ్రులమైన మనం అడుగుకోవలసినదే.

355లో జూలియన్ ఏథెన్సులో చదువుకున్నాడు. అప్పుడు అదే పట్టణంలో మరి ఇద్దరు యువకులు చదువుకుంటున్నారు. ఒకరు బాసిల్, మరొకరు నజియాంజస్‌కు చెందిన గ్రెగొరీ. ముగ్గురూ ఒకే పట్టణంలో, అదే గ్రీకు సాహిత్యం చదివినవారే. తరువాత దారులు వేరయ్యాయి.

361లో జూలియన్ చక్రవర్తి అయ్యాడు. మూతపడిన గుడులను తెరిపించాడు. 362లో క్రైస్తవ ఉపాధ్యాయులు గ్రీకు కావ్యాలు బోధించకుండా అడ్డుకట్ట వేశాడు. అయినా పాత మతం లేవలేదు. ఎందుకు లేవలేదో ఆయనే గ్రహించాడు. గలతీయ ప్రాంతపు ప్రధాన పూజారికి రాసిన ఉత్తరంలో, ఆ "గలిలయులు" తమ బీదలనే గాక మన బీదలను కూడా పోషిస్తున్నారు, ఇది మనకు సిగ్గుచేటు అనే భావం వెలిబుచ్చాడు. పట్టణ పట్టణానికి సత్రాలు కట్టమని ఆజ్ఞాపించాడు. దానికి ధాన్యం కూడా కేటాయించాడు.

ఆలోచించండి, ప్రియులారా. సంఘాన్ని తుడిచివేయాలనుకున్న చక్రవర్తి చేతనే ఈ సాక్ష్యం రాయించినది ఏమిటి? ఆకలిగొన్నవాడి ముందు, అతని మతం అడగకుండా, విశ్వాసులు పెట్టిన అన్నం. 363లో పర్షియా యుద్ధంలో జూలియన్ మరణించాడు. బాసిల్ కైసరయలో కరవు వచ్చినప్పుడు ధనికుల గిడ్డంగులు తెరవమని బోధించాడు. తరువాత పట్టణం వెలుపల రోగులకు, బీదలకు, కుష్ఠరోగులకు ఆశ్రయం కట్టించాడు. జూలియన్ కట్టమన్న సత్రాలు ఆయనతోనే ఆగిపోయాయి. బాసిల్ చూపిన దారిలో ఈనాటికీ మిషను ఆసుపత్రులు నడుస్తున్నాయి.

ఆల్బమ్ జూలియన్ పేరు ఎత్తింది కాబట్టి మనం జూలియన్ ఉత్తరాన్ని ఆ పిల్లవాడి ముందు పెట్టవచ్చు. "క్రీస్తుకు పూర్వం" బీదవాడి సంగతి ఏమిటో ఆయన కన్నా బాగా చెప్పగల సాక్షి లేడు.

ఆ పేరుకు జవాబు

ఇప్పుడు పేరు దగ్గరకు వద్దాం. "కుళ్లు" అనే మాటను వారు దూషణగా వాడారు. మతాల పెత్తనం మీదే మా విమర్శ అని సాకిస్ తోలిస్ చెబుతూ వచ్చారు. ఆయన ఉద్దేశం ఏదైనా ఆ పేరు మనల్ని గాయపరుస్తుంది. అయితే ఆ మాటనే సువార్త ఏనాడో ఎత్తుకుంది. 16వ కీర్తనలో దావీదు, దేవుడు తన పరిశుద్ధుణ్ణి కుళ్లు పట్టనివ్వడని ముందుగా పలికాడు. పెంతెకొస్తు దినాన పేతురు ఆ కీర్తనే చెప్పి, దావీదు సమాధి ఇప్పటికీ మన మధ్య ఉంది గాని యేసును దేవుడు లేపాడని ప్రకటించాడు. పిసిదియ అంతియొకయలో పౌలు కూడా అదే వివరించాడు. అంటే మొదటి ప్రసంగం నుండే మన విశ్వాసమంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది: సమాధిలో పెట్టిన ఆ దేహం కుళ్లు ఎరుగదు. కుళ్లి ఉంటే మన విశ్వాసం వ్యర్థమని పౌలే కొరింథీయులకు రాశాడు. కాబట్టి ఆ పేరుకు మన జవాబు ఖాళీ సమాధి.

మనం ఏం చేయాలి?

ఈ బృందాన్ని ఎదుర్కోవడానికి లోకంలో రెండు మార్గాలు కనబడ్డాయి. 2018 ఏప్రిల్‌లో జార్జియా రాజధాని త్బిలిసి విమానాశ్రయంలో ఆ అన్నదమ్ములను కొన్ని గంటలపాటు నిర్బంధించారు. తరువాత వదిలేశారు, కచేరీ జరిగింది. ఆ నిర్బంధం వల్ల వారి పేరు ఇంకా నలుగురికీ తెలిసింది. రెండవది, 2005లో మెగాడెత్ బృందం నాయకుడు డేవ్ మస్టెయిన్ చేసినది. క్రైస్తవ విశ్వాసానికి వచ్చిన ఆయన, వీరితో ఒకే వేదిక మీద వాయించనని చెప్పారు. పోలీసులను పిలవలేదు. తన మనస్సాక్షి మేరకు ఆ మాట చెప్పారు. మా పిల్లల విషయంలో మేము కోరేది ఆ రెండవ మార్గమే: భయంతో ఆపడం కాకుండా, తెలిసి తానే వద్దనుకోవడం.

అది ఒక్కరోజులో రాదు. పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి ఆత్మలో పరితపించాడు. అయినా వాటిని పగలగొట్టలేదు. వీధిలో, అరేయొపగులో నిలబడి వారితో మాట్లాడాడు, వారి కవుల మాటలతోనే మాట్లాడాడు. కొందరు అపహసించారు, కొందరు మళ్లీ వింటామన్నారు, కొందరు విశ్వసించారు. మన ఇళ్లలోనూ అంతే. పిల్లవాడి పక్కన కూర్చొని "ఇందులో నీకు నచ్చింది ఏమిటి, నాన్నా?" అని అడగండి. సంగీతమా, కోపమా, సంఘంలో ఎవరైనా చేసిన గాయమా? గాయమైతే దానిని కప్పిపెట్టకండి. జూలియన్ గాయం గురించి ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆ పేరు సంగతి చెప్పండి. "ఈ పేరు మనకు ప్రాణం పెట్టిన ప్రభువును అవమానిస్తోంది. నాకు బాధగా ఉంది" అని నిజం చెప్పండి. తండ్రి కంటి తడి చాలాసార్లు తండ్రి కేకకన్నా లోతుగా వెళుతుంది.

ఫోను చేసిన ఆ సంఘ పెద్దకు మా మిగతా సగం జవాబు ఇదే. ఫోను లాక్కోవద్దు. అబ్బాయితో కలిసి అపొస్తలుల కార్యముల రెండవ అధ్యాయం చదవండి. వచ్చే ఆదివారం సంఘం బీదలకు భోజనం పెట్టేటప్పుడు వడ్డించడానికి అతనినే పిలవండి. ఆరాధనలో గిటారు అతని చేతిలోనే ఉండనివ్వండి. ఏథెన్సు వారి రక్షణ కోసం, ఆ ఇద్దరు అన్నదమ్ముల కోసం కూడా ప్రార్థించండి. తనను సిలువ వేసినవారి క్షమాపణ కోసం తండ్రిని వేడుకున్న ప్రభువు, తన పేరును దూషించేవారిని కూడా ప్రేమిస్తున్నాడు. ఆయన సజీవుడు.