పుస్తకావిష్కరణ అయ్యాక పుస్తకం ఎక్కడికి పోతుంది?

మా సొసైటీకి ఏటా వచ్చే దరఖాస్తుల్లో చాలావరకు స్కూలు ఫీజులవి, మందులవి, ఆడపిల్లల పెళ్ళిళ్ళవి. రంజాన్ ముందు రేషన్ కోసం వచ్చేవి సరేసరి. ఈ కొన్నేళ్ళుగా వాటి మధ్యలో మరో రకం కాగితం కూడా కనిపిస్తోంది. రిటైరైన మాస్టారొకరు ముప్పయ్యేళ్ళుగా రాసిన వ్యాసాలను ఫైలులో కట్టుకొని వస్తారు. డిగ్రీ చదివే అమ్మాయి కవితల నోటుబుక్కు పట్టుకొని వాళ్ళ అబ్బాజాన్‌ను వెంటబెట్టుకొని వస్తుంది. ప్రింటింగుకు కొంత, ఆవిష్కరణ సభకు కొంత ఇప్పించమని అడుగుతారు.

జకాత్ సొమ్ము ఎవరికి చేరాలో నిర్ణయమై ఉంది కాబట్టి మా కమిటీ దాన్ని ఇందుకు ముట్టుకోదు. మిగిలిన విరాళాల్లోంచి ఇవ్వవచ్చా అన్నదే ప్రశ్న. తండ్రి లేని ఒక కుటుంబానికి కొన్ని నెలల రేషన్ అయ్యే డబ్బును ఒక్క సాయంత్రం హాలుకు, శాలువాలకు, టిఫిన్ పొట్లాలకు పెట్టడం న్యాయమేనా? పుస్తకం కూడా అవసరమే అనేవారు మాలో ఉన్నారు, కడుపు నిండాకే పుస్తకం అనేవారూ ఉన్నారు. ఈ వాదన తేలాలంటే ముందు పుస్తకావిష్కరణ అంటే ఏమిటో, రచయితతో ముఖాముఖి అంటే ఏమిటో, గ్రంథాలయానికి వాటితో ఉన్న సంబంధం ఏమిటో తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

మన పాతబస్తీలో దీనికి రెండు పద్ధతులున్నాయి. ఉర్దూలో దీన్ని రస్మె ఇజ్రా అంటారు. సదర్ ఒకరు, నిర్వహించే నాజిమ్ ఒకరు, మెహమానె ఖుసూసీ ఒకరిద్దరు ఉంటారు. తిలావత్‌తో మొదలై, నాత్ చదివి, రచయిత మీద రాసుకొచ్చిన వ్యాసాలు వినిపించి, గుల్‌పోషీ, షాల్‌పోషీ చేసి, చివరికి చిన్న ముషాయిరాతో ముగుస్తుంది. తెలుగు సభలో అధ్యక్షుడు, ఆవిష్కర్త, పుస్తక పరిచయకర్త, తొలి ప్రతి స్వీకర్త, రచయిత స్పందన, వందన సమర్పణ. పేర్లు వేరైనా శాలువా మాత్రం ఒకటే. కార్డు మీద వేసిన టైముకు సభ మొదలుకాకపోవడం కూడా రెండింటికీ ఒకటే. తెలుగు సభ సాయంత్రం ఆరింటికి అంటారు, చలికాలంలో అది సరిగ్గా మగ్రిబ్ వేళ దగ్గరకు వచ్చి పడుతుంది. మనవాళ్ళు నమాజు ముగించుకొని వచ్చేసరికి పుస్తక పరిచయం, అంటే వినవలసిన అసలు భాగం, అయిపోయి ఉంటుంది. బాద్ మగ్రిబ్ అని వేస్తే ఇద్దరికీ సరిపోతుంది.

ఈ సభకు మూలం పూర్వపు కృతి సమర్పణలో ఉంది. కవి తన కావ్యాన్ని ఒక రాజుకో దాతకో అంకితమిచ్చేవాడు, ఆ కృతిపతి కవి బాగోగులు చూసుకునేవాడు. ఈ సంప్రదాయంలో మనవారి భాగం తక్కువదేమీ కాదు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృత పదం లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యంగా పేరున్న యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన్న పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. అచ్చ తెలుగు కావ్యానికి కృతిపతి ఒక ముస్లిం అన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మన పక్కింటి పిల్లల్లో మాత్రం ఎంతమందికి తెలుసు?

ఆ రోజుల్లో ఖర్చు కృతిపతిది. ఈ రోజుల్లో ఖర్చంతా కవిదే. టైపింగు, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, బైండింగు, ఆపైన హాలు, మైకు, ఫ్లెక్సీ, ఆహ్వాన పత్రికలు. ఐదు వందల ప్రతులు వేస్తే తక్కువ వేసినట్టు లెక్క. సభకు వచ్చినవారిలో సగం మంది బంధువులు, వారికి ఉచితంగా ఇవ్వాలి. వేదిక మీదివారికి ఇవ్వాలి. పత్రికలకు సమీక్ష కోసం రెండేసి ప్రతులు పంపాలి. మిగిలినవి అట్టపెట్టెల్లో మంచం కిందికి చేరతాయి. వర్షాకాలం వస్తే చెమ్మ, వేసవి వస్తే చెదలు. రచయిత పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెట్టెలు తూకానికి వెళ్ళడం మేము కళ్ళారా చూశాం. రాసిన మనిషి జీవితకాలపు శ్రమ కిలోల లెక్కన పోయిందంటే, ఆ డబ్బు రేషన్‌కు పెట్టి ఉంటేనే బాగుండేదన్న మా కమిటీ సభ్యుడి మాటను కాదనలేం.

రచయితతో ముఖాముఖి దీనికి పూర్తిగా భిన్నమైన పని. అక్కడ పుస్తకాన్ని రంగు కాగితంలోంచి బయటికి తీయడం ఉండదు. వచ్చినవారిలో కనీసం పదిమంది దాన్ని ముందే చదివి ఉంటారు. రచయిత ఒక పావుగంట చదివి వినిపిస్తాడు, తరువాత గంటసేపు ప్రశ్నలకు జవాబు చెబుతాడు. ఈ పాత్ర ఎందుకు చనిపోయింది, ఈ మాట మా ఊళ్ళో వేరే అర్థంలో వాడతాం, మీరు రాసిన మసీదు వీధి ఏది, ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ 1858 నుంచి టికెట్టు పెట్టి ఊరూరా తన నవలలు చదివి వినిపించేవాడు, జనం విరగబడి వచ్చేవారు. మనకు ముషాయిరా ఉండనే ఉంది. కవి ఒక మిస్రా చదవగానే వెనక వరసలోంచి మళ్ళీ చదవమని కేక వస్తుంది చూడండి, అది విన్నవాడికి అర్థమైందనడానికి గుర్తు. ఆవిష్కరణ సభలో చప్పట్లు మర్యాదకు కొడతారు. రెండింటికీ ఉన్న తేడా అదే.

ఇక చోటు సంగతి. అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరలో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ముందునుంచి మనలో చాలామంది రోజూ బస్సులో పోతుంటారు. పెద్దలు దాన్ని ఇప్పటికీ ఆసఫియా అనే అంటారు. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో మొదలైన కుతుబ్‌ఖానా అది. అప్పట్లో అది ఆబిడ్స్ వైపు ఉండేది. 1908 మూసీ వరద ఈ అఫ్జల్‌గంజ్ ప్రాంతాన్ని ముంచేసింది. ఆ తరువాత నది ఒడ్డున కొత్త కట్టడాలు లేచాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1932లో పునాది వేసిన ఈ భవనంలోకి గ్రంథాలయం 1936లో వచ్చింది. 1955లో ప్రభుత్వ చట్టం కింద రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. ఎత్తైన ఆ మెట్లు, కమాన్లు చూసి అదేదో కోర్టు అనుకొని లోపలికి వెళ్ళడానికి జంకేవారు మన బస్తీల్లో ఇప్పటికీ ఉన్నారు. అది మన సొమ్ముతో నడిచే చోటు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, రాష్ట్రంలోని గ్రంథాలయాలకు ఆధారం అదే. అద్దెకుండేవారు కూడా అద్దె రూపంలో అది కడుతున్నట్టే.

లోపల తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ, ఫారసీ, మరాఠీ, కన్నడ పుస్తకాలున్నాయి. పాత లిఖిత ప్రతులు వేరుపడి, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న ప్రాచ్య లిఖిత ప్రతుల గ్రంథాలయానికి చేరాయి. ఇప్పుడు పఠన మందిరంలో ఎక్కువగా కనిపించేది ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే యువకులు. సొంత పుస్తకాలు, నీళ్ళ సీసా తెచ్చుకొని పొద్దుటినుంచి కూర్చుంటారు. ఇంట్లో ఒకే గది ఉన్నవాడికి అంతకన్నా మంచి చోటు ఏముంది? కాబట్టి గ్రంథాలయంలో సభ పెట్టాలనుకునేవారు మొదట తలచుకోవలసింది వీళ్ళను. మైకు పెట్టి వాళ్ళ చదువు చెడగొట్టి పుస్తక ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వడం సబబు కాదు. గ్రంథాలయాధికారిని ముందుగా రాతపూర్వకంగా అడిగి, చదువుకునేవారికి అడ్డం రాని గది, వేళ చూసుకొని, మైకు లేకుండా ముప్పయి నలభై మందితో జరుపుకోవాలి. ముఖాముఖికి అంతకంటే ఎక్కువ మంది అవసరం కూడా లేదు.

పెద్ద సభే కావాలంటే వేరే చోట్లున్నాయి. ఉర్దూవారికి హిమాయత్‌నగర్‌లో ఉర్దూ హాల్, పంజాగుట్టలో ఐవానె ఉర్దూ. తెలుగువారికి బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం. అఫ్జల్‌గంజ్ నుంచి నడిచిపోయేంత దూరంలో, సుల్తాన్ బజార్‌లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన ఆ నిలయం వెనుక కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ఉన్నారు. ఉర్దూ, ఫారసీలకు పేరుపొందిన కుతుబ్‌ఖానా ఒకటి, తెలుగు భాషా నిలయం ఒకటి, రెండూ పదేళ్ళ తేడాతో ఒకే నగరంలో పుట్టాయి. వాటి మధ్య రాకపోకలు ఎంత ఉన్నాయన్నదే మన ప్రశ్న కావాలి.

ఎందుకంటే మన ఇళ్ళలో భాష ఇప్పుడు మూడు ముక్కలైంది. అమ్మతో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, బజారులో, ఆఫీసులో తెలుగు. నానీ దగ్గర ఉన్న ఉర్దూ పుస్తకం మనవరాలికి చదవడం రాదు. మనవరాలు తెలుగులో రాసిన కవిత నానీకి అందదు. ఈ మధ్యలో వంతెన కట్టినవారు మనకున్నారు. నిజాం జైల్లో ఉండి వచ్చిన దాశరథి కృష్ణమాచార్య గారే గాలిబ్‌ను గాలిబ్ గీతాలుగా తెలుగులోకి తెచ్చారు. ప్రభుత్వంతో పోరాడారు కానీ ఆ భాషతో పోరాడలేదు. సామల సదాశివ గారు అంజద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు పాఠకులకు అందించారు. ఆ తరువాత తెలుగులోనే మన బతుకులు రాసే తరం వచ్చింది. 1998లో వచ్చిన జల్‌జలా కవితా సంకలనం, 2004లో వచ్చిన వతన్ కథల సంకలనం ముస్లిం ఇళ్ళ లోపలి మాటను తెలుగు అచ్చులోకి తెచ్చాయి. ఆ రచనలన్నింటితో అందరూ ఏకీభవించనవసరం లేదు, మా సొసైటీలోనే ఏకీభవించనివారున్నారు. అలాంటప్పుడు రచయితను ఎదుట కూర్చోబెట్టి అడగడం కంటే మంచి మార్గం ఏముంది? ముఖాముఖి ఉన్నది అందుకే.

ఒక పుస్తకం ఎందుకు అచ్చు కావాలో చెప్పడానికి మాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇక్కడిదే. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. ఆ సంచిక గ్రంథాలయాల్లో నిలిచింది కాబట్టే ఆ జవాబు ఇప్పటికీ జవాబుగా ఉంది.

అందువల్ల సాయం అడిగి వచ్చేవారికి కొన్ని పనికొచ్చే సంగతులు. పుస్తకానికి ఐ.ఎస్.బి.ఎన్. నంబరు కోసం ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. మధ్యవర్తులు వేలు అడిగితే ఇవ్వవద్దు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన ముప్పయి రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో ఒక ప్రతిని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబయి కేంద్ర గ్రంథాలయానికి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి పంపాలి. సొంతంగా వేసుకున్నప్పుడు రచయితే ప్రచురణకర్త. పంపకపోతే జరిమానా యాభై రూపాయల వరకే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ నాలుగు ప్రతులే మంచం కింది పెట్టె పోయాక కూడా మిగిలేవి. ఆసఫియాకు, మీ జిల్లా గ్రంథాలయానికి కూడా రెండేసి ఇచ్చి రసీదు తీసుకోండి.

చర్చ అయ్యాక మా కమిటీ ఒక పద్ధతికి వచ్చింది. హాలుకు, శాలువాకు, భోజనానికి సొసైటీ డబ్బు ఇవ్వదు. అచ్చుకు కూడా నేరుగా ఇవ్వదు. పుస్తకం బాగుందని ఇద్దరు ఉపాధ్యాయులు చదివి చెబితే, అచ్చయ్యాక యాభై ప్రతులు ధర పెట్టి కొంటుంది. వాటిని బస్తీ బడులకు, మదర్సాలకు, గ్రంథాలయాలకు ఇస్తుంది. నెల ఆగి, చదివిన పిల్లలతో రచయితను కూర్చోబెడుతుంది. ఆడపిల్లలు వచ్చి వెళ్ళడానికి వీలుగా అది పగటిపూటే ఉంటుంది, అసర్‌కు ముందే ముగుస్తుంది. సభలో ఉర్దూలో అడిగితే ఉర్దూలో, తెలుగులో అడిగితే తెలుగులో జవాబు. రెండోది రానివారికి పక్కనున్నవారు చెబుతారు. మొదటి సమావేశాన్ని నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పెట్టుకోవాలని ఉద్దేశం. టీ, ఉస్మానియా బిస్కెట్ల ఖర్చు కమిటీ సభ్యులం సొంతంగా పెట్టుకుంటాం. నోటుబుక్కుల్లో, ఫైళ్ళలో రాసి పెట్టుకున్నవారు, ఉర్దూ అయినా తెలుగు అయినా, జుమా తరువాత సొసైటీ ఆఫీసుకు తెచ్చి ఇవ్వవచ్చు.