సైకిలు, మోటారు బండి, కారు: ఏది ఎక్కితే ఎంత ప్రమాదం?

పోయిన నెల హోసూరులో మా సంఘం కార్యవర్గ సమావేశం ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన మనవడికి సిప్కాట్‌లో ఉద్యోగం వచ్చింది. శూలగిరి వైపు నుంచి రోజూ జాతీయ రహదారి మీదే రావాలి. "బండి కొనివ్వమంటున్నాడు, వాళ్ళమ్మ వద్దంటోంది. కారు కొనే తాహతు లేదు. సైకిలు తొక్కమంటే నవ్వుతాడు. కార్యదర్శిగారూ, మీరు ఆఫీసులో లెక్కలు రాసినవారు గదా, ఏది క్షేమమో చెప్పండి" అన్నారు.

లెక్క చూడకుండా నోటికొచ్చిన మాట చెప్పే అలవాటు మాకు లేదు. వారం గడువు అడిగాము. అడగడానికి ఇంకో కారణమూ ఉంది, అది తరువాత చెబుతాము.

కేంద్ర రవాణా శాఖ ఏటేటా రోడ్డు ప్రమాదాల నివేదిక వేస్తుంది. 2022 నివేదిక ప్రకారం దేశంలో ఆ ఏడు రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది. అందులో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 74,897. కార్లు, జీపులు, వ్యాన్ల వంటి వాటిలో ఉన్నవారు 21,040. సైకిలు మీద ఉన్నవారు 4,836. ఇంతవరకే చూసినవారు సైకిలే అన్నిటికన్నా క్షేమం అనుకుంటారు. మేమూ మొదట అలాగే అనుకున్నాము.

కానీ ఇది సగం లెక్క. ఎంతమంది పోయారన్నది లవం. ఎన్ని కిలోమీటర్లు తిరిగారన్నది హారం. సైకిలు తొక్కేవారు తక్కువ, తొక్కినా బడికో అంగడికో రెండు మూడు కిలోమీటర్లు పోతారు. బండివారు రోజుకు నలభై యాభై తిరుగుతారు. వాహనానికి ఇన్ని కిలోమీటర్లని పద్దు రాసి మన నివేదిక లెక్క కట్టదు. బ్రిటన్‌లో కడతారు. అక్కడ మైలుకు ఇన్ని మరణాలని చూస్తే, సైకిలు మీద వెళ్ళేవారికి కారులో వెళ్ళేవారికంటే పది రెట్లకు పైగా ముప్పు. మోటారు సైకిలు మీద ఉన్నవారికి ఆ సైకిలువారికంటే కూడా కొన్ని రెట్లు ఎక్కువ. అమెరికాలో కారుతో పోలిస్తే మోటారు సైకిలు ముప్పు ఇరవై రెట్లు దాటుతుంది. వారి రోడ్లు వేరు, మన రోడ్లు వేరు. అక్కడి అంకె తెచ్చి ఇక్కడ అతికించలేము గాని, వరుస మాత్రం ఇక్కడా అదేనని మా అభిప్రాయం.

కారణం వేగంలో ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషి గోడకు కొట్టుకుంటే, దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినంత దెబ్బ. సైకిలు మీద మామూలుగా 15లో పోతాము. అప్పుడు పడితే నడుమెత్తు అరుగు మీంచి పడినంతే. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుంది. కారులో ఉన్నవారికి ఆ దెబ్బను ముందు రేకు, తరువాత బెల్టు, గాలి సంచి కొంత కొంత పంచుకుంటాయి. బండి మీద ఉన్నవారికి కారు వేగం ఉంటుంది, సైకిలుకున్న రక్షణే ఉంటుంది. మూడింటిలో బండి వెనకబడటం ఇక్కడే.

సైకిలు తనంతట తాను పడి ప్రాణం తీయడం అరుదు. దాన్ని వెనకనుంచి వేరొకటి వచ్చి కొడుతుంది. బాగలూరు రోడ్డులో తెల్లవారుజామున పూలమూటలు కట్టుకుని వెళ్ళే సైకిళ్ళకు వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండేవి ఎన్నో చూడండి. అది వంద రూపాయల పని కూడా కాదు. ఇక కారు తనలో ఉన్నవారిని కాపాడుతుంది సరే, బయటివారి మాటేమిటి? అదే 2022లో నడిచిపోతూ చనిపోయినవారు 32,825 మంది. వారిలో సైకిలు గుద్ది పోయినవారు చాలా కొద్దిమందే ఉంటారని మేము అనుకుంటాము. క్షేమం అడిగేటప్పుడు ఎవరి క్షేమం అన్నది కూడా అడగాలి.

ఇప్పుడు ఆ రెండో కారణం. కొన్నేళ్ళ కిందట ఉగాది ఆహ్వానపత్రికలు పంచడానికి ఇద్దరు కుర్రవాళ్ళను బండి మీద పల్లెలకు పంపింది మేమే. పని ముగిసేసరికి చీకటి పడింది. ఎదురుగా లైటు లేని ట్రాక్టరు వచ్చింది. తోలుతున్నవాడికి హెల్మెట్ ఉంది, చెయ్యి విరిగి బతికాడు. వెనక కూర్చున్నవాడికి లేదు. రెండో హెల్మెట్ ఉందా అని మేము అడగలేదు. పత్రికల కట్ట అప్పగించిన చీటీ మీద సంతకం మాది. ఆ చీటీ ఇప్పటికీ ఫైలులో ఉంది.

2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 అని అదే నివేదిక చెబుతుంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. కారులో బెల్టు పెట్టుకోక పోయినవారు 16,715. అందులో సగం మంది తోలేవారు కాదు, పక్కన, వెనక కూర్చున్న మనబోటివారే. పెళ్ళికి పోతూ వెనక సీటులో బెల్టు లాగితే పట్టుచీర నలుగుతుందనే మాట మా ఇంట్లోనూ విన్నాము.

చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ బండి మీద హెల్మెట్ ఉండాలి, వెనకవారికి కూడా. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ వదిలేస్తే అది మనిషికంటే ముందే ఎగిరిపోతుంది. పద్దెనిమిది నిండని పిల్లవాడికి బండి తాళం ఇస్తే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఇంకొకటి: ప్రమాదం చూసి ఆగి సాయం చేసినవారిని కేసులోకి లాగకుండా 2019 సవరణలో రక్షణ పెట్టారు. ఆ రాత్రి మావాళ్ళ దగ్గర ఆగడానికి జనం జంకారు. మీరు జంకకండి, 108కి ఫోను చేయండి. తమిళనాడులో మొదటి 48 గంటల చికిత్స ఉచితంగా ఇచ్చే పథకం కూడా 2021 నుంచి ఉంది.

పెద్దాయనకు మేము చెప్పింది ఇది. రహదారి మీద రోజువారీ రాకపోకలకు బస్సే మేలు. ఊళ్ళోంచి బస్టాపు దాకా సైకిలు చాలు. బండి తప్పదంటే రెండు హెల్మెట్లతో కలిపే కొనండి, రాత్రి షిఫ్టు రోజుల్లో కంపెనీ బస్సు ఎక్కమనండి. ఆయన బండే కొన్నారు. మనవడు హెల్మెట్లు రెండూ తెచ్చి మాకు చూపించి వెళ్ళాడు.

ఉగాది పత్రికలు ఈసారి పగటిపూటే పంచుతాము. డెంకణికోట, కెలమంగలం, శూలగిరి దాకా బస్సులో వెళ్ళి, అక్కడినుంచి ఇంటింటికీ నడక. బేరికె వైపు వెళ్ళడానికి ఇంకా ఇద్దరు కావాలి. రాగలవారు మాఘమాసం లోపు సంఘం కార్యాలయంలో పేర్లు ఇవ్వగలరు.