ఆజ్ఞయా, ప్రశ్నయా?

గద్వాల కోటను జూచివచ్చిన బాలిక యొకతె కంప్యూటరుపై జావాస్క్రిప్టు భాషలో కోటయాట నల్లుచున్న దనుకొందము. అయిదు దీపములు వెలిగించినగాని ద్వారము తెరవరాదు. పిల్ల ఆ షరతును "దీపములు = 5" అని వ్రాసెను. ఒక్క దీపమైన వెలిగింపనివానికిని ద్వారము తెరచుకొనెను! ఏల? ఒంటిగుర్తు ఆజ్ఞ; "దీపములు == 5" అను జంటగుర్తు ప్రశ్న. డబ్బాలో అయిదు సేర్ల బియ్యముంచుమనుట వేఱు, అయిదు సేర్లున్నవా యని చూచుట వేఱు గదా!

1557లో రాబర్టు రికార్డు సమానమని తెలుపుటకే యొంటిగుర్తును కల్పించెను; 1957 నాటి ఫోర్‌ట్రాను భాష దానిని "ఉంచుము" అను నాజ్ఞగా వాడెను. పెక్కు భాషలలో నేటికిని అదే వాడుక. షరతులో నీ పొరపాటు దొరలినచో పైథాను పట్టి యాపును. జావాస్క్రిప్టు మాఱుపలుకక సాగించును.

కావున బిడ్డ విసిగి విడువకమునుపే మనమడుగవలసినది యొక్కటే: "అమ్మా, ఇచ్చట ఆజ్ఞాపించితివా, అడిగితివా?"