ఏటా గ్యాస్ ఎందుకు కొట్టించాల్సి వస్తోంది?

మార్చి నెలాఖరు వచ్చిందంటే పాత శాంత్రోలు, జెన్‌లు, 800లు కారు ఏసీ షాపుల ముందు బారులు తీరతాయి. "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టాలి" అంటాడు మెకానిక్. కొట్టించుకుని వస్తాం. రోహిణి కార్తె నాటికి మళ్లీ వేడిగాలే. ఇంతకీ గ్యాస్ ఎందుకు అయిపోతుంది?

అయిపోదు. పెట్రోలులా మండి ఖర్చయ్యేది కాదది. కంప్రెసర్ దాన్ని ఒత్తుతుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలేసి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి దారి దాటగానే ఒత్తిడి పడిపోయి, కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారులోని వేడిని లాగేసుకుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కే చేరుతుంది. మూసిన దారిలో తిరిగేది తగ్గిందంటే ఎక్కడో బయటికి పోయినట్టే. పాతబడిన రబ్బరు పైపుల నుంచి ఏళ్ల తరబడి కాస్త కాస్త పోవడం మామూలే. ఏటా ఖాళీ అవుతుంటే మాత్రం అది లీకే. లీకు చూడకుండా గ్యాస్ నింపడం దండగ ఖర్చు.

మరి లీకు పట్టేదెలా? ముందు టార్చిలైటు తీసుకుని బానెట్ ఎత్తండి. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిలూ లోపల తిరుగుతుంటుంది. కన్నం పడ్డచోట గ్యాస్ గాల్లో కలిసిపోతుంది, ఆయిల్ మిగిలిపోతుంది. దానికి దుమ్ము అంటుకుని పైపు జాయింటు దగ్గరో, కండెన్సర్ మూలనో నల్లటి జిడ్డుమచ్చ కడుతుంది. అదీ ఆనవాలు. కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బునురగ పూసి బుడగలు వస్తాయేమో చూస్తారు. టైర్లకు కొట్టే గాలి సరిపోదా అంటే, అందులో తేమ ఉంటుంది. ఏసీకి తేమే అసలు శత్రువు.

అందుకే గ్యాస్ నింపే ముందు వాక్యూమ్ పెట్టాలి. ఒత్తిడి బాగా తగ్గితే నీళ్లు గది వేడికే మరిగి ఆవిరైపోతాయి. పంపు ఆ ఆవిరిని లాగేస్తుంది. దీనికి కనీసం అరగంట పడుతుంది. "పది నిమిషాల్లో పంపిస్తా" అనే షాపులో ఈ పని జరగదని నా అనుమానం. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది. కాసేపు చల్లగా వచ్చి ఆగిపోయి, ఏసీ ఆపి మళ్లీ వేస్తే తిరిగి చల్లబడడానికి ఒక కారణం ఇదే. పైపులు విప్పినప్పుడల్లా తేమ పీల్చే డ్రయర్‌ను మార్చమనేదీ ఇందుకే.

ఎంత గ్యాస్ పట్టాలి? బానెట్ కింద స్టిక్కరు ఉంటే దానిమీద గ్రాముల్లో రాసి ఉంటుంది. తూకం వేసే నింపాలి. "ఇంకాస్త కొట్టు, బాగా చల్లబడుతుంది" అనకండి. ఎక్కువైతే ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

హైవే మీద చల్లగా వచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే ఉక్కపోస్తోందా? గ్యాస్ జోలికి పోకముందు కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో, ఒకప్పుడు కారు ఏసీల్లో వాడిన ఆర్-12 గ్యాస్‌కు కాలం చెల్లింది. దాంతో నడిచిన పాత కార్లలో దాని బదులు వచ్చిన ఆర్-134ఎను నేరుగా నింపేస్తే కుదరదు. పాత మినరల్ ఆయిల్ దీంతో కలవదు. ఆయిల్, డ్రయర్, జాయింట్లలోని ఓ-రింగులు మార్చాల్సిందే.

అన్నిటికన్నా చికాకు కూలింగ్ కాయిల్ లీకు. డ్యాష్‌బోర్డు వెనక ఎప్పుడూ తడిగా, దుమ్ములో నానుతూ ఉండే అల్యూమినియం అది. తుప్పు తిని సూదిమొన కన్నాలు పడతాయి. దాన్ని అతికించడం కన్నా మార్చడమే మేలు. ఎలాగూ విప్పారు కనుక ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఓ-రింగులు కూడా కొత్తవే వేయించండి. మళ్లీ విప్పాల్సి వస్తే ఆ సామాన్ల ఖరీదు కన్నా కూలీయే ఎక్కువవుతుంది.