చర్మవ్యాధులు – తగిన వైద్యుడు

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ రాతివిగ్రహములకు పేరు గాంచిన పట్టణము. గుడిలో ప్రతిష్ఠించుటకు విగ్రహము కావలసినవారు శిల్పి యొద్దకు పోవుదురు గాని, గోడలు కట్టు తాపీపనివాని యొద్దకు పోరు. ఇరువురును రాతితో పని చేయువారే యైనను, వారి నేర్పులు వేరు. చర్మమునకు జబ్బు చేసినప్పుడు మాత్రము చాలమంది ఈ వివేకమును మరచుచుందురు. దురద పుట్టగానే పొరుగువారు చెప్పిన పసరో, మందుల దుకాణమున దొరకిన పూతమందో పూసికొందురు. ఇందువలన కలుగు కీడు చిన్నది కాదు.

చర్మముపై కనబడు మచ్చలన్నియు ఒక్కటి కావు. తామర ఒక విధమైన శిలీంధ్రము వలన కలుగును. అది గుండ్రముగా వ్యాపించును. అంచు ఎఱ్ఱగా ఉబ్బి మిక్కిలి దురద పెట్టును. ఒకరి తువాలు వేరొకరు వాడినచో ఇది ఇంటిల్లిపాదికిని అంటుకొనును. పొలముగట్లపై పెరుగు వయ్యారిభామ అను కలుపుమొక్క పడని వారికి ముఖము, మెడ, మోచేతి మడతలు మొదలగు చోట్ల దద్దురు పుట్టును. అది అంటువ్యాధి కాదు. ఆ మొక్కకు దూరముగా నుండుటయే చికిత్సలో ముఖ్యభాగము.

మూడవది కుష్ఠువ్యాధి. ఇందు పాలిపోయిన మచ్చగాని, ఎఱ్ఱని మచ్చగాని ఏర్పడును. సామాన్యముగా అది దురద పెట్టదు, నొప్పి పుట్టదు. తాకినను స్పర్శ తెలియదు. బాధ లేదు గదా యని రోగి ఉపేక్షించును. ఇంతలో నరములు చెడి వ్రేళ్లు వంకరపోవచ్చును. ఈ వ్యాధి పూర్వజన్మ పాపఫలము కాదనియు, సూక్ష్మజీవి వలన కలుగుననియు తెలిసినది. దానిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. నేడు ఆరు లేక పండ్రెండు నెలల మందుతో ఇది నయమగును. ఆ మందును ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా నిచ్చుచున్నారు. కాని మొదటనే గుర్తించినవారికే అవయవములు చక్కగా నిలుచును.

ఈ భేదము తెలియక పూసిన మందు ఏమి చేయును? అంగళ్లలో అమ్ము పూతమందులలో కొన్నింటియందు స్టీరాయిడ్ అను పదార్థము కలదు. అది ఎఱుపును, దురదను వెంటనే అణచును. రోగి సంతోషించును. అయితే చర్మము తన్ను తాను కాపాడుకొను శక్తిని గూడ అది తగ్గించుటచే, తామర లోలోపలనే విస్తరించి మొండిదగును. పెక్కుదినములు వాడినచో చర్మము పలుచబడును. అందుచేతనే 2018లో భారతప్రభుత్వము ఇట్టి పూతమందులు అనేకములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. ముఖమును తెల్లబరచునని చెప్పి అమ్ము లేపనములు కొన్నింటిలో పాదరసము ఉండును. అది మూత్రపిండములకు హాని చేయును.

అట్లయిన ఎవరి యొద్దకు పోవలెను? మొదట సమీపముననున్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికి చూపింపవలెను. సామాన్యమైన జబ్బులను ఆయనయే నయము చేయును. వ్యాధి తేలనిచో, తగ్గనిచో చర్మవ్యాధి నిపుణుని యొద్దకు పంపును. ఎం.బి.బి.ఎస్. చదివిన పిమ్మట చర్మవ్యాధులనే ప్రత్యేకముగా మరికొన్ని యేండ్లు అభ్యసించినవాడే నిపుణుడు. కర్నూలులో 1957లో నెలకొన్న వైద్యకళాశాలకు చెందిన పెద్దాసుపత్రిలో ఇందుకొక విభాగము కలదు. నంద్యాలలోను 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. వైద్యుని పేరు వైద్యమండలిలో నమోదై యుండవలెను. ఆ సంఖ్యను అడుగుట తప్పు కాదు. కేశములు, ముఖము అలంకరించు సౌందర్యశాలవారి పని గౌరవనీయమైనదే. కాని వ్యాధిని నిర్ణయించుట వారి పని కాదు.

వైద్యుని యొద్దకు పోవునప్పుడు అంతకుముందు పూసిన మందుల గొట్టములను వెంట తీసికొని పోవలెను. మచ్చ ఎప్పుడు పుట్టినదో, ఇంటిలో మరెవరికైన కలదో దాచక చెప్పవలెను. సిగ్గుచే దాచిన మచ్చ పెరుగును. వేళకు చూపిన మచ్చ మానును.