సమాచార నిధి – సూచిక

సమాచారాన్ని సేకరించడం ఒక ఎత్తు. అవసరమైన వేళ దానిని వెలికితీయడం మరొక ఎత్తు. తాళపత్రాల కాలంలో గ్రంథం లభించడమే దుర్లభం. ఈనాడు వేలాది గ్రంథాలు అంతర్జాలంలో ఉన్నాయి. అయినా తగిన క్రమం లేకపోతే అవి ఉండీ లేనట్లే.

ఇందుకు తెలుగువారి అనుభవమే నిదర్శనం. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' పథకం కింద 2000 తరువాతి సంవత్సరాలలో వేలాది పాత తెలుగు గ్రంథాలను స్కాన్ చేసి అంతర్జాలంలో ఉంచారు. శిథిలమవుతున్న పుస్తకాలకు పునర్జన్మ కలిగింది. అయితే గ్రంథాల పేర్లను, కర్తల పేర్లను ఆంగ్లలిపిలో, అనేకచోట్ల తప్పులతో నమోదు చేశారు. అందువల్ల పుస్తకం ఉన్నా పాఠకునికి చిక్కలేదు. తెలుగు వికీపీడియా ఔత్సాహికులు ఈ లోటును గుర్తించి, గ్రంథనామం, రచయిత, విషయం, ప్రచురణ సంవత్సరం మొదలైన వివరాలతో తెలుగులో జాబితాలు రూపొందించారు. పుస్తకాలు అవే. వాటిని చేరే దారి మాత్రం సుగమమైంది.

పేరు నమోదులో ఎంత జాగ్రత్త అవసరమో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. సిద్దిపేట కవి వేముగంటి నరసింహాచార్యుల పేరును ఒకరు ఇంటిపేరును బట్టి 'వ' కింద, మరొకరు 'న' కింద చేర్చవచ్చు. ఇంకొకరు 'నరసింహాచారి' అని రాయవచ్చు. ఆంగ్లలిపిలో హ్రస్వదీర్ఘ భేదాలు కూడా సరిగా నిలవవు. అప్పుడు ఆ ఊరి విద్యార్థికే తన ఊరి కవి రచనలు కొన్ని దొరికి, కొన్ని దొరకకుండా పోతాయి. అందుకే ఒకే రూపాన్ని ప్రమాణంగా నిర్ణయించి, మిగిలిన రూపాలను దానికి అనుసంధానించాలి.

కంప్యూటర్ వెతికే తీరు కూడా ఈ సూత్రంపైనే ఆధారపడింది. వెతికిన ప్రతిసారీ అది పుటలన్నిటినీ చదవదు. ఏ పదం ఎక్కడ ఉన్నదో తెలిపే పదసూచికను ముందే సిద్ధం చేసుకొంటుంది. స్కాన్ చేసిన పుట దానికి ఒక బొమ్మ మాత్రమే. అందులోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చినప్పుడే ఆ పదాలు సూచికలో చేరతాయి. పూర్వం ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత విధానం ఉండేది. ఒక ఫాంటులో రాసినది మరొక ఫాంటులో అర్థంకాని గుర్తులుగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరాలకు స్థిరమైన సంకేతాలను కల్పించి ఈ చిక్కును తొలగించింది.

విద్యార్థులు కూడా తమ ఫైళ్ళను ఈ పద్ధతిలోనే భద్రపరచుకోవాలి. 'కొత్త ఫైలు' అనే పేరుకు బదులు విషయాన్ని, తేదీని తెలిపే పేరు పెట్టాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే ఫైళ్ళు కాలక్రమంలో నిలుస్తాయి. ముఖ్యమైన వాటి ప్రతిని మరొకచోట దాచాలి. పేరు పెట్టేటప్పుడు వెచ్చించిన ఒక్క నిమిషం, వెతికేటప్పుడు గంటల శ్రమను తప్పిస్తుంది.