తీగపాకమును అతుకుల శాస్త్రమును

బోధను ప్రాంతమున బెల్లపుపాకము పట్టు అవ్వ, ఒక బొట్టును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి మెల్లగా వ్రేళ్లను విడదీయును. బొట్టు మొదట బిగిసి వ్రేళ్లను పట్టియుంచును. పిదప సాగి తీగయగును. ఆ తీగ సన్నగిల్లి తుదకు తెగును. ఎంత గట్టిగా పట్టెను, ఎంత దూరము సాగెను అను రెండు సంగతులను బట్టియే ఆమె లేతపాకమో ముదురుపాకమో తేల్చును. జిగురుతో అతికిన విమానపు రేకులు ఎప్పుడు వీడునో తెలిసికొనుటకు నేటి ఇంజనీర్లు కంప్యూటరులో వేయు లెక్కయు ఇట్టిదే.

ఆ లెక్క పుట్టుటకు చాలకాలము పట్టినది. మంజీరా నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో చెఱకు పెరిగి, 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసిన మరుసటి యేడే, జర్మనీయందు ఫోల్కర్సన్ అను శాస్త్రజ్ఞుడు రివెట్ల అతుకులను గూర్చి గణితము చేసి, ఒకదానిపై నొకటి అతికిన రేకులను లాగినపుడు భారము అతుకంతటను సమముగా పరచుకొనక రెండు కొనలయందే పేరుకొనునని చూపెను. జిగురుకును ఈ న్యాయమే వర్తించును. కావుననే అతుకు పొడవును రెట్టింపు చేసినను బలము రెట్టింపు కాదు. రేకులు ఒకే సరళరేఖయందు లేనందున లాగగానే వంగి, అంచులు పైకి లేవజూచునని 1944లో గోలాండ్, రైస్నర్ అనువారు తెలిపిరి. నిజామాబాదు బజారులో అతికింపునకు వచ్చు చెప్పును చూడుడు: దాని అట్ట సాధారణముగా నడుమ ఊడదు, ముందంచున నోరు తెఱచును.

అతుకు ఎచ్చట వీడనారంభించునో ఇంతవరకు తెలిసినది. ఆ చీలిక ఎంతవరకు ప్రాకునో తెలియలేదు. పగులు ప్రాకుటకు శక్తి వ్యయము కావలెనని 1920లో గ్రిఫిత్ గాజును పరీక్షించి చెప్పియుండెను. కాని పగులు మొనయందు ఒత్తిడి అనంతమని గణితము చెప్పుచుండగా, అనంతమును ఏ పదార్థము సహింపగలదు? 1960 ప్రాంతమున డగ్‌డేల్, బారెన్‌బ్లాట్ ఈ చిక్కును విప్పిరి: పగులు మొనకు ముందు ఇరుపక్కలు ఒక్కసారిగా విడిపోక, సన్నని మేర ఇంకను పట్టుకొనియే యుండును. అవ్వ వ్రేళ్ల నడిమి తీగ అదియే! 1976లో హిల్లర్‌బోర్గ్ బృందము స్వీడనులో ఈ భావమును కాంక్రీటు పగుళ్ల లెక్కలో చేర్చెను. నేడు పొరలు పొరలుగా పేర్చిన కార్బను నార పలకలు విచ్చిపోవుటను సైతము ఈ విధముననే గణింతురు. ఇరుపక్కలు విడివడుకొలదిని పట్టు ఒక శిఖరమునకెక్కి, పిదప దిగి సున్నయగును; దీనిని వక్రరేఖగా గీయుదురు. ఆ శిఖరమే అతుకునందు ఒక్కొక్క చోటి బలము, ఆ వక్రరేఖ క్రింది వైశాల్యము అతుకును ఒక్కొక్క చదరపు మేర ఊడదీయుటకు వ్యయమగు శక్తి.

ఇది ప్రాణములతో ముడివడిన లెక్క. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా సంస్థ విమానపు పైకప్పు ఆకాశముననే ఎగిరిపోయి, ఒక పరిచారిక మరణించెను. రేకుల నడిమి జిగురు వీడుటతో భారమంతయు రివెట్లపై బడి, వాని రంధ్రములనుండి పగుళ్లు ప్రాకినవని విచారణలో తేలెను.

అయినను కంప్యూటరు తనంత తాను జిగురు గుణము నెఱుగదు. అతికిన రెండు పట్టీలను ఒక కొన పట్టి నిజముగా ఊడదీసి, ఆ శక్తిని కొలిచి యందించిన పిదపనే దాని లెక్క సాగును. అతికించునపుడు మిగిలిన నూనెచారయు, పిదప లోనికింకిన తేమయు ఆ కొలతను తారుమారు చేయగలవు. ఎంత గణితము పెరిగినను, తొలుత ఎవరో ఒకరు బొట్టును వ్రేళ్ల నడుమ సాగదీసి చూడవలసినదే.